మట్టి లేని మడి

బాబాయి: నేను మట్టికి ఎదురు తిరిగినవాణ్ణి కానమ్మా. ఈ పరవాడ గరువుల్లోనే చోళ్ళు చల్లాను, వేరుశనగ వేశాను. వంగ, బెండ, ఆనప పండించి విశాఖ రైతుబజారుకు తోలాను. ఇప్పుడు పొలానికి ఒక దిక్కున సింహాద్రి థర్మల్ ప్లాంటు, 2,000 మెగావాట్లు. ఇంకో దిక్కున ఫార్మా సిటీ. గాలి తిరిగిన రోజున ఆకు మీద వేలు పెట్టి రాస్తే బూడిద అంటుకుంటుంది. నా కాయ కొన్నవాడు ‘ఇందులో ఏముంది?’ అని అడిగితే నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను. కొబ్బరి పొట్టు సంచిలో, కొలిచి కలిపిన నీళ్లతో పెంచితే చెప్పగలను. పావెకరంలో పాలీహౌస్ వేసుకుంటానంటే నీకెందుకు బాధ?

అమ్మాయి: పాలీహౌస్ వేసుకున్నందుకు బాధ లేదు బాబాయ్. కింద షీటు పరిచి, దాని మీద సంచులు పేర్చి, వేరు నేలకు తగలకుండా చూసుకున్నాక ఆ నేల ఎలా ఉందో మీరు ఇక పట్టించుకోరు. బాధ అక్కడ. ఈ చుట్టుపక్కల నేల గురించి గొంతెత్తి అడిగేవాళ్లు రైతులే. ఫ్యాక్టరీ అడగదు. ప్లాట్లు కొనేవాడు అడగడు. మీలాంటివాళ్లు ఒక్కొక్కరే సంచుల్లోకి వెళ్లిపోతే అడిగే నోరు ఉండదు.

బాబాయి: అడిగీ అడిగీ నోరు ఎండిపోయింది. ఫార్మా సిటీ పక్కనున్న తాడి ఊరివాళ్లు తమను అక్కణ్ణుంచి తరలించమని ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. ఆ లోపల పంట ఆగదు కదా? కూరగాయ రేపు పొద్దుటే బజారుకు వెళ్లాలి. మొక్కకు మట్టి తప్పనిసరి కాదని తేలి నూట అరవై ఏళ్లు దాటింది. జర్మనీలో జూలియస్ వాన్ సాక్స్ 1860లోనే లవణాలు కలిపిన నీళ్లలో మొక్కలు పెంచి చూపించాడు. మొక్కకు కావలసినవి పదిహేడు మూలకాలు. గాలీ నీరూ ఇచ్చేవి పోగా మిగతావి వేరుకు అందితే చాలు, ఎక్కడినుంచి అందాయని మొక్క అడగదు. కాలిఫోర్నియాలో గెరికే 1930 ప్రాంతాల్లో నీటి తొట్టెల్లో నిచ్చెన వేసుకుని కోసేంత ఎత్తు టమోటా తీగలు పెంచాడు.

అమ్మాయి: ఆ కథ అక్కడ ఆపేస్తే ఎలా? గెరికే పనిచేసిన ఆ విశ్వవిద్యాలయంలోనే హోగ్లండ్, ఆర్నన్ అనే ఇద్దరు దాన్ని పరీక్షకు పెట్టారు. 1938లో వాళ్లు తేల్చింది ఏమిటంటే, మంచి మట్టి ఇచ్చే దిగుబడి కన్నా నీటి సేద్యం ఇచ్చేది తనంతట తాను ఎక్కువేమీ కాదని. ఈ రోజుకీ ప్రపంచమంతా వాడే పోషక ద్రావణానికి హోగ్లండ్ పేరే ఉంది. ఆయనే ఆ మాట అన్నాడు. తెర కట్టడం, పురుగు రాకుండా చూడడం, చుక్కచుక్కగా నీరివ్వడం, వీటివల్ల దిగుబడి పెరుగుతుంది. అవన్నీ మట్టిలో పెట్టిన మొక్కకూ చేయొచ్చు.

బాబాయి: ‘మంచి మట్టి’ అన్నాడు కదా! నా మాటా అదే. మంచి మట్టి ఉంటే ఇంత ఖర్చు నేనెందుకు తలకెత్తుకుంటాను? రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం అసెన్షన్ ద్వీపం మీద, అగ్నిపర్వతపు రాళ్ల మధ్య, ఇలాగే కూరగాయలు పండించుకుంది. అక్కడ వేరే దారి లేదు.

అమ్మాయి: రాతి దీవిలో, మేడ మీద, మంచు దేశంలో ఇది నూటికి నూరుపాళ్లు సరైన పని. ఒప్పుకుంటాను. పరవాడ అసెన్షన్ ద్వీపం కాదు బాబాయ్. అనకాపల్లి బెల్లానికి చెరకు ఇచ్చిన ప్రాంతం. చెరకు మీద పరిశోధనకు 1913లోనే అనకాపల్లిలో కేంద్రం పెట్టారంటే నేలను చూసే పెట్టారు. ఆ నేలలో ఒక గ్రాము తీస్తే కోట్ల సూక్ష్మజీవులు. వేరును పట్టుకుని ఉండే బూజు పోగులు మొక్క చేరుకోలేని చోటినుంచి భాస్వరం తెచ్చి పెడతాయి. మీ సంచిలో అవి చేసే పనంతా మీరు చెయ్యాలి. ఉదజని సూచిక ఐదున్నరకూ ఆరున్నరకూ మధ్య ఉందా, ఈసీ, అంటే నీళ్లలో లవణాల మోతాదు, ఎంత, కాల్షియం నైట్రేట్ తొట్టెలో పొరపాటున సల్ఫేట్ పడి గడ్డకట్టిందా, ఇవన్నీ రోజూ చూసుకోవాలి. నేలలో ఒక రోజు ఏమరినా పంట నిలబడుతుంది. నీటి కాలువల్లో వేరు వేలాడుతున్న మొక్కకు మే నెల మధ్యాహ్నం మోటారు ఆగితే సాయంత్రానికి ఏమీ మిగలదు.

బాబాయి: అందుకే కాలువల పద్ధతి నేను తలపెట్టలేదు. వేసవిలో నీళ్లు వేడెక్కితే ప్రాణవాయువు తగ్గి వేరు కుళ్లుతుందని నాకూ తెలుసు. కొబ్బరి పొట్టు తేమను పట్టి ఉంచుతుంది. మోటారు ఆగినా కొన్ని గంటలు ఓర్చుకుంటుంది. ఉప్పు పోయేదాకా కడిగి, కాల్షియం నైట్రేట్ నీళ్లలో నానబెట్టి మరీ వాడాలి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవాళ్లు ఈ పద్ధతికే ‘అర్క సస్య పోషక రస్’ అని పోషక ద్రావణం తయారుచేసి ఇస్తున్నారు. ఇది పరదేశీయుల ఆటవస్తువని అనుకోకు. 1946లోనే కాలింపాంగ్‌లో షోల్టో డగ్లస్ అనే ఆయన గాజుగది లేకుండా, తొట్టెల్లో రాతిముక్కలూ ఇసుకా పోసి బీదవాళ్లకు అందే పద్ధతి ఒకటి తయారుచేశాడు. దానికి బెంగాల్ పద్ధతి అనే పేరు.

అమ్మాయి: ఎనభై ఏళ్లయింది. బెంగాల్‌లో వరి నీటి తొట్టెల్లోకి వచ్చిందా? చోళ్ళు, కంది, వరి, చెరకు, ఇవేవీ సంచుల్లో పండవు. పండినా గిట్టవు. మీరు చెప్పే సేద్యం పూట కూరకే సరిపోతుంది, కంచంలో అన్నానికి మళ్లీ మట్టి దగ్గరికే రావాలి.

బాబాయి: కూర పండించేవాడు కూరే పండిస్తాడు. నేను అన్నం పెడతానని ఎప్పుడన్నాను? అసలు ఈ భయమంతా ముందు కూరల విషయంలోనే. లోహాలు ఎక్కువగా చేరేది ఆకుకూరల్లో. కాయలోకి తక్కువ, గింజలోకి ఇంకోలా. తోటకూర, గోంగూర పండించే మడిలో అనుమానం ఉంటే ఆ మడిని పక్కనపెట్టడమే మర్యాద. తినేవాళ్ల పట్ల నా బాధ్యత అది. నీ మాటల్లో మట్టి మీద ఉన్న ప్రేమ కనిపిస్తోంది, తినేవాడు కనిపించడం లేదు.

అమ్మాయి: ఆ మాట నన్ను తాకింది. నిజమే, నేను ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ప్రకృతి సేద్యం పనిలో మేం ఊళ్లల్లో ఘన జీవామృతం వేయిస్తాం, వానలకు ముందే నవధాన్యాలు చల్లిస్తాం. సేంద్రియ కర్బనం పెరుగుతుంది, వానపాము తిరిగొస్తుంది, ఇదంతా కళ్లారా చూస్తున్నదే. అయితే నేలలో సీసమో కాడ్మియమో చేరి ఉంటే జీవామృతం దాన్ని తీసెయ్యదు. సేంద్రియ పదార్థం కొంత పట్టి ఉంచుతుంది, మొక్కకు అందేది తగ్గుతుంది, అంతే. ఫ్యాక్టరీల ద్రావకాలు భూగర్భ జలంలో కలిస్తే దానికి మా దగ్గర మందు లేదు. ప్రకృతి సేద్యం పేరుతో ఈ విషయంలో ఎవరికైనా ధైర్యం చెప్తే అది అబద్ధం అవుతుంది.

బాబాయి: ఇంకేం మరి!

అమ్మాయి: ఇంకేమంటే, మీ నేలలో ఆ లోహాలు ఉన్నాయని మీకెవరు చెప్పారు? మీ భూసార పరీక్ష కార్డు తియ్యండి. పన్నెండు అంశాలు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, ఈసీ, సేంద్రియ కర్బనం. సీసం లేదు. కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్ లేవు. థర్మల్ ప్లాంటు పక్క పొలానికీ, అరకు కొండ మీద పొలానికీ ఒకటే కార్డు. అనుమానం మీద మీరు తొమ్మిది లక్షలు పెడుతున్నారు, ఆ అనుమానం నిజమో కాదో తేల్చే పరీక్షకు కొన్ని వేలు పెట్టలేదు.

బాబాయి: తొమ్మిది లక్షలన్నది బాగానే లెక్కకట్టావు. 2014 నాటి ఉద్యాన మిషన్ మార్గదర్శకాల ప్రకారమే వెయ్యి చదరపు మీటర్లకు, మీటరుకు 935 రూపాయలు. అందులో సగం సబ్సిడీ. సంచులు, డ్రిప్పు, తొట్టెలు వేరే. నీ పరీక్ష సంగతికి వస్తాను. ముందు నా పాలీహౌస్ మీద నీకున్న మిగతా అభ్యంతరాలు చెప్పెయ్.

అమ్మాయి: గాలి. గాలి ఆడే పాలీహౌస్ అంటే పక్కలన్నీ వలే. బూడిద మోసుకొచ్చే గాలి ఆ వలలోంచి లోపలికీ వస్తుంది. పైకప్పు ప్లాస్టిక్ మీద బూడిద పేరుకుంటే వెలుతురు తగ్గుతుంది. పోనీ మూసేసి ఫ్యాన్లూ తడి ప్యాడ్లూ పెట్టుకుంటారా? తడి ఆరితేనే చల్లదనం. మే నెలలో మన సముద్రపు గాలికి దండెం మీద పంచే ఆరదు, ప్యాడ్ ఎంత ఆరుతుంది? అనంతపురంలో పది డిగ్రీలు దించే యంత్రం ఇక్కడ అందులో సగమూ దించలేదు. రాత్రి వేడి తగ్గకపోతే టమోటా పూత నిలవదు. పైగా కీటకాలు రాని వల కడితే తేనెటీగా రాదు.

బాబాయి: వేసవి నాకు పంటకాలం కాదు. సెప్టెంబరులో నాటి మార్చితో ముగిస్తాను, ఏప్రిల్, మే నెలల్లో ఖాళీ. తేనెటీగ అక్కర్లేని గింజలేని కీర దోస రకాలు ఉన్నాయి. టమోటాకు తీగ కదిపితే చాలు. తెల్లదోమ లోపలికి రాకపోతే ఆకుముడత వైరస్ రాదు. బయట టమోటాకు వారానికి రెండుసార్లు మందు కొట్టే రైతును నువ్వు చూశావు. ఆ మందు తగ్గడం నీ ప్రకృతి సేద్యానికీ ఇష్టమైన సంగతే కదా? బూడిద అంటావా, ప్లాస్టిక్ మీద పడిన బూడిదను పైపు పెట్టి కడుగుతాను. నేలలోకి ఇంకిన దాన్ని ఏ పైపుతో కడగను?

అమ్మాయి: కడగడానికీ, మొక్కకూ నీళ్లెక్కడివి? సముద్రం దగ్గర బోరు నీళ్లలో ఉప్పు ఉంటే మట్టి కొంత సర్దుకుంటుంది, నీటి సేద్యం అస్సలు సర్దుకోదు. తిప్పి తిప్పి వాడినకొద్దీ సోడియం పేరుకుంటుంది. ఆర్వో యంత్రం పెడితే అది వదిలే ఉప్పునీళ్లు మళ్లీ మన కాలువలోకే.

బాబాయి: బోరు నీళ్లు ముట్టను. వాన నీళ్లు. పావెకరం కప్పు అంటే వెయ్యి చదరపు మీటర్లు. మన దగ్గర ఏడాదికి మీటరుకు తక్కువ కాకుండా వాన పడుతుంది. అంటే పది లక్షల లీటర్లు కప్పు మీదే పడతాయి. మొక్కలకు చదరపు మీటరుకు రోజుకు రెండు, మూడు లీటర్లు. ఏడు నెలలకు లెక్క కట్టు, నాలుగు నుంచి ఆరు లక్షల పైచిలుకు. పక్కనే ప్లాస్టిక్ పరిచిన కుంట తవ్వుకుంటే బోరు వైపు చూడక్కర్లేదు. భూగర్భ జలం పాడయిందని భయపడే ఊళ్లో ఆ నీళ్లు వాడకుండా కూర పండించే దారి ఇంకోటి ఉంటే చూపించు.

అమ్మాయి: ఈ లెక్కకు నా దగ్గర జవాబు లేదు. బాగుంది. కుంటకు ఇంకో పది సెంట్లు పోతాయి, ఆ వాన నేలలోకి ఇంకదు, ఇవి చిన్న మాటలు. పెద్ద మాట కరెంటుది. అమెరికాలో అరిజోనావాళ్లు 2015లో లెట్యూస్ మీద ఒక లెక్క వేశారు. నీటి సేద్యంలో దిగుబడి పదకొండు రెట్లు, నీళ్లు పదమూడో వంతు. అంతవరకూ మీరు చెప్పేదే. శక్తి మాత్రం 82 రెట్లు. కిలోకు 90,000 కిలోజౌళ్లు, అంటే కరెంటులోకి మారిస్తే 25 యూనిట్లు. అంత కరెంటు సింహాద్రిలో తయారు కావాలంటే పదిహేను కిలోలకు పైనే బొగ్గు కాలాలి. మన బొగ్గులో దాదాపు మూడో వంతు బూడిదే. కిలో ఆకుకు ఐదు కిలోల బూడిద! బూడిద నుంచి కూరను కాపాడటానికి ఇంకా బూడిద పుట్టించాలా? అదీ పరవాడలో కూర్చుని?

బాబాయి: ఆ లెక్కలో ఎక్కువ భాగం గదిని వేడిచేయడానికీ చల్లబరచడానికీ పోయిన శక్తి. నాకు వేడి చెయ్యక్కర్లేదు, ఫ్యాన్లు పెట్టను, దీపాలు పెట్టను. సూర్యుడే దీపం. రోజుకు కాసేపు తిరిగే చిన్న మోటారు, దానికి రెండు సోలార్ పలకలు. సింహాద్రి వాళ్లే తమ జలాశయం మీద 25 మెగావాట్ల తేలే సోలార్ పెట్టుకున్నారు, 2021లో. నేను పావెకరానికి పెట్టుకోలేనా? అమెరికాలో దీపాల కింద అంతస్తుల సేద్యం చేసిన ఏరోఫార్మ్స్ 2023లో దివాలా పిటిషన్ వేసింది, బవరీ 2024లో మూతపడింది. నువ్వు అవి ఎత్తుతావని ముందే అనుకున్నాను. వాళ్లది వేరు, నాది వేరు.

అమ్మాయి: ఆప్‌హార్వెస్ట్ మాటేమిటి? కెంటకీలో ప్రధానంగా సూర్యుడి వెలుతురుతో పండించిన గాజుగృహాలు. అదీ 2023లోనే దివాలా తీసింది.

బాబాయి: అది వేల కోట్ల అప్పుతో వందల ఎకరాల కలలు కన్న కంపెనీ. రైతు కాదు.

అమ్మాయి: రైతుకైతే దివాలా పిటిషన్ కూడా ఉండదు బాబాయ్, పొలం పోతుంది. రైతు సాధికార సంస్థ 20 సెంట్లలో వేయించే ఏటీఎం మడికి, అంటే ‘ఎనీ టైమ్ మనీ’ మడికి, విత్తనాలూ, పెంటా, చాకిరీ చాలు. ముల్లంగి, ఆకుకూర, బెండ, తీగజాతి ఒకదాని వెంట ఒకటి కోతకొస్తాయి. కౌలు రైతు కూడా వెయ్యగలడు. మీ పాలీహౌస్ సబ్సిడీకి పాసుపుస్తకం కావాలి. పరవాడ మండలంలో ఇంకా పండిస్తున్నవాళ్లలో సొంత జిరాయితీ ఉన్నవాళ్లెందరు, కౌలుకు చేసేవాళ్లెందరు? మీ పరిష్కారం మీకు మాత్రమే.

బాబాయి: అది నిజం. కౌలువాడికి ఇది అందదు. దానికి నేను సమాధానం చెప్పలేను. నా సంగతి కూడా నువ్వు ఒకసారి ఇటునుంచి చూడు. చుట్టూ పొలాలు ఒక్కొక్కటే ప్లాట్లయిపోయాయి. నా కొడుకు ఫార్మా సిటీలో షిఫ్టుకు వెళ్తాడు. ‘అమ్మేద్దాం నాన్నా’ అంటాడు. మట్టిలో బెండ వేస్తానంటే వాడు పక్కన నిలబడడు. సెన్సారు పెట్టి, ద్రావణం కొలిచి పండిద్దామంటే వాడి కళ్లల్లో కదలిక వచ్చింది. ఆ పావెకరం పుణ్యమా అని మిగతా రెండెకరాలూ అమ్మకుండా నిలబడితే ఆ నేల కనీసం నేలగా మిగులుతుంది. అమ్మితే సిమెంటే. మట్టిని కాపాడేది నువ్వా, నేనా?

అమ్మాయి: ఇంత గట్టి మాట మీ దగ్గర ఉందని నేననుకోలేదు. సరే, మీ కొడుకు కోసం వెయ్యండి. అప్పుడు ఆ సంచుల అడుగున కారే నీళ్ల సంగతి చెప్పండి. పోసిన దాంట్లో నాలుగో వంతు దాకా కారిపోతుంది, దాన్నిండా నైట్రేటు. నెదర్లాండ్స్‌లో గాజుగృహాల రైతులు 2027 నాటికి ఆ నీళ్లు దాదాపు బయటికి రాకుండా చేయాలని నియమం పెట్టారు. మనకు అలాంటి నియమం అడిగేవాళ్లు లేరు. ఫ్యాక్టరీ తన నీళ్లు ఎక్కడ వదిలిందని నిలదీసే మనం, మన నీళ్లు ఎక్కడ వదులుతామో చెప్పాలి కదా.

బాబాయి: పక్కనే కొబ్బరి మొక్కలకూ గడ్డికీ పారిస్తాను. మట్టిలోకే.

అమ్మాయి: చూశారా, చివరికి శుభ్రం చేసే పని మట్టికే అప్పగించారు. అందుకే అంటున్నాను, ఆ మట్టి ఎలా ఉందో తెలియకుండా ఇదంతా మొదలుపెట్టొద్దు. షీటు పరచక ముందే నాలుగు చోట్ల మట్టీ, బోరులోంచి నీళ్లూ తీసి లోహాల పరీక్షకు పంపుదాం. మీ టమోటాకు వల కట్టారు, మంచిది. ఆ గాలిలోనే బడికెళ్లే పిల్లలకు వల ఎవరు కడతారు? ఆ పిల్లల తరఫున అడగాలన్నా చేతిలో ఒక అంకె ఉండాలి. అంకె లేకుండా మీరు సంచుల్లోకి మారితే, రేపు అధికారి ‘రైతులే మట్టి వదిలేశారు, ఇంక ఏం నష్టం?’ అంటాడు.

బాబాయి: అంకె బాగుంటే సరే. బాగోలేదనుకో. తెల్లారేసరికి పరవాడ కూరగాయలంటే ఎవరూ ముట్టరు. నా పక్క గట్టు మీద ఆనపపాదు వేసుకున్న కౌలువాడు, ఇందాక నువ్వు వాడి తరఫున మాట్లాడావే, వాడి బుట్ట రైతుబజారులో అలాగే ఉండిపోతుంది. పరిహారం వస్తుందా? ఎప్పటికి? నష్టం మాత్రం ఆ రోజే మొదలవుతుంది. ఆ అంకె వల్ల ముందు మునిగేది ఫ్యాక్టరీ కాదమ్మా, వాడు.

అమ్మాయి: తెలుసు. ఆ భయంతోనే ఎవరూ పరీక్ష అడగడం లేదని కూడా తెలుసు. అయినా ఆ ఆనపకాయ ఎవరో తింటున్నారు. మీరే అన్నారు, తినేవాడు నా మాటల్లో కనిపించడం లేదని. ఇప్పుడు చెప్పండి, ఎవరి మాటల్లో కనిపించడం లేదు?

బాబాయి: ...నా ఒక్కడి పొలంలో తియ్యొద్దు. తీస్తే ఊరంతా తీయాలి. బూడిద చెరువు పక్కా, కాలువ పక్కా, దూరంగా ఉన్న మెరకలూ. అప్పుడు ఎక్కడ బాగుందో కూడా తెలుస్తుంది, అందరినీ ఒకే గాట కట్టరు.

అమ్మాయి: ఊరంతా ఒప్పుకోవాలంటే పెద్దవారు, పేరున్న రైతు, మీరు ముందు నిలబడాలి. గ్రామసభలో మీరు అడగాలి.

బాబాయి: అడుగుతాను. మరి ఆ సభలో ‘నా నేల మీద నాకే నమ్మకం లేదు’ అని చెప్పిన మర్నాడు, పాలీహౌస్‌కు అదే నేలను తాకట్టు పెట్టుకుని బ్యాంకు నాకు అప్పిస్తుందా?